పిల్లల ఫుడ్ ఎలర్జీకి ఓఐటీ, జోలేర్, ట్రయల్స్: అమెరికాలో చేతికందే ఖర్చుతో ఎలా చేయించుకోవాలి

మా వాడికి పద్నాలుగో నెలలో ఇడ్లీ ముక్కకి అంటిన పల్లీ చట్నీ, చెంచాడు కూడా కాదు, వేలి కొనకి అంటినంత, నోట్లో పడిన పది నిమిషాలకి పెదాలు వాచిపోయి, ఒళ్ళంతా దద్దుర్లు లేచి, రెండుసార్లు వాంతి చేసుకుని నా భుజం మీద వాలిపోయాడు. 911కి ఫోన్ చేశాం. ఆ రోజు నుంచి మా ఇంట్లో పల్లీ లేదు, జీడిపప్పు లేదు, గుడికెళ్తే ప్రసాదం లడ్డూ కళ్ళకద్దుకుని పక్కవాళ్ళ చేతిలో పెట్టి రావడమే. ఇప్పుడు వాడికి ఏడేళ్ళు, రోజూ రాత్రి అన్నం తిన్నాక ఒక్క పల్లీ గింజ నమిలి మింగుతాడు, మేము గడియారం పెట్టుకుని చూస్తాం, రెండు గంటలపాటు పరుగులు గెంతులు వద్దంటాం, అంతే.

ఆ ఒక్క గింజ దాకా రావడానికి ఏడాది పైనే పట్టింది. ఎలర్జీ ఉన్న పదార్థాన్నే డాక్టర్ దగ్గర కొద్దికొద్దిగా పెంచుతూ తినిపించి ఒంటికి అలవాటు చేసే దీన్ని ఓరల్ ఇమ్యునోథెరపీ అంటారు, అందరం ఓఐటీ అనే అంటాం. మా ఊళ్ళో తెలుగువాళ్ళలో ఎవరి పిల్లలకి ఎలర్జీ అని తేలినా నా నంబర్ ఇచ్చేస్తున్నారు, ఫోన్ చేసినవాళ్ళందరూ మొదట అడిగేది ఎంతవుతుంది అక్కా అని. నేను తిరిగి అడిగేది ఒకటే, మూడో ఏడాది ఎంతవుతుందో క్లినిక్‌లో అడిగారా అని. ఇది యాంటీబయాటిక్ కోర్సులాగా వాడి వదిలేసేది కాదు. ఇంపాక్ట్ అని ఒక ట్రయల్ 2022లో వచ్చింది, ఒకటి నుంచి మూడేళ్ళ పిల్లలు 146 మంది, పల్లీ ఓఐటీ తీసుకున్నవాళ్ళలో 71 శాతం మంది రెండున్నరేళ్ళ తర్వాత బాగానే తట్టుకున్నారు, కానీ ఆపేసి ఆరు నెలలు గడిచాక మళ్ళీ చూస్తే ఆ రక్షణ మిగిలింది 21 శాతం మందికే. అంటే చాలామందికి రోజూ డోసు వేస్తున్నంత కాలమే రక్షణ, డబ్బులు చాలక మధ్యలో ఆపితే పెట్టిందంతా పోయినట్టే. అందుకే మొదటి ఆరు నెలలకి కాదు, కనీసం మూడేళ్ళకి లెక్క వేసుకుని దిగండి.

ముందు చేయాల్సింది ఎలర్జీ నిజంగా ఉందా అని తేల్చుకోవడం. ఇది వినడానికి సిల్లీగా ఉంటుంది కానీ డబ్బు అన్నిటికంటే ఎక్కువ మిగిలేది ఇక్కడే. రక్తపరీక్షలో ఐజీఈ అనే యాంటీబాడీ కనపడిందంటే ఎలర్జీ ఉన్నట్టు కాదు, బాడీ ఆ పదార్థాన్ని గుర్తుపట్టిందని మాత్రమే, హాయిగా తినే పిల్లలకి కూడా పాజిటివ్ వస్తుంది. ఇరవై ఐటమ్స్ ప్యానెల్ చేయించి శనగపప్పు, నువ్వులు, గోధుమ, పాలు అన్నీ మాన్పించి పిల్లని ఎండబెట్టిన ఇళ్ళు నేను చూశాను. తిన్నప్పుడు ఏం జరిగింది అనేదే ముఖ్యం, అనుమానం ఉంటే డాక్టర్ ఎదురుగా కొంచెం కొంచెం తినిపించి చూసే ఫుడ్ చాలెంజ్ ఉంది, దాని బిల్లింగ్ కోడ్ 95076, మామూలుగా ఇన్సూరెన్స్‌లు కవర్ చేసేదే. పల్లీకి అయితే ఆరా హెచ్ 2 అనే కాంపొనెంట్ టెస్ట్, అంటే పల్లీలోని ఒక్క ప్రొటీన్‌నే పట్టి చూసే టెస్ట్, కూడా అడగండి. పాలు, గుడ్డు ఎలర్జీలు చాలామంది పిల్లలకి పెరిగేకొద్దీ వాటంతటవే పోతాయి, పల్లీ కూడా సుమారు ఐదుగురిలో ఒకరికి పోతుంది, కాబట్టి చిన్న బిడ్డకి పాల ఎలర్జీ అయితే కొన్నాళ్ళు ఆగుదామా, కేక్‌లో బేక్ చేసిన పాలు తట్టుకుంటుందేమో చూద్దామా అని అడగడం తప్పేం కాదు. జీడిపప్పు ఎలర్జీ ఉంటే పిస్తాతో కూడా జాగ్రత్త, రెండూ ఒకే కుటుంబం.

తేలాక, ఏ ట్రీట్‌మెంట్ ఏ గడిలో ఉందో తెలుసుకోండి, ఎందుకంటే డబ్బు ఎవరు కడతారనేది దాన్ని బట్టే.

పల్ఫోర్జియా అని పల్లీ పొడితో చేసిన మందు 2020 జనవరిలో ఎఫ్‌డీఏ, అంటే అమెరికాలో మందులకి అనుమతిచ్చే సంస్థ, అప్రూవ్ చేసింది, అప్పట్లో 4 నుంచి 17 ఏళ్ళకి, 2024లో ఏడాది పిల్లల దాకా తెచ్చారు. వచ్చినప్పుడు దాని లిస్ట్ ధర నెలకి 890 డాలర్లు. చివరికి చేరే రోజువారీ డోసు 300 మిల్లీగ్రాముల పల్లీ ప్రొటీన్, అంటే దాదాపు ఒక్క గింజ! అప్రూవ్ అయిన మందు కాబట్టి ఇన్సూరెన్స్‌తో మాట్లాడటం సులువు, కాకపోతే మీకు అది ఇప్పుడు దొరుకుతుందా లేదా ముందు క్లినిక్‌లో కనుక్కోండి. రెండోది, చాలా ఎలర్జీ క్లినిక్‌లు సొంతంగా చేసే ఓఐటీ, షాపులో దొరికే పల్లీ పిండి, జీడిపప్పు పిండి, పాలపొడి కొలిచి ఇస్తారు. ఇక్కడ పదార్థం ఖర్చు నెలకి కొద్ది డాలర్లే, మీరు కట్టేది డాక్టర్ టైముకి, నర్సు టైముకి. దీనికి ఎఫ్‌డీఏ ముద్ర లేదు, అందుకే ఇన్సూరెన్స్‌వాళ్ళు ఎక్స్‌పెరిమెంటల్ అని రాసి పంపిస్తారు, మన గొడవంతా ఆ ఒక్క మాటతోనే.

మూడోది జోలేర్, ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్, ఉబ్బసానికి 2003 నుంచి ఉన్న మందే, 2024 ఫిబ్రవరిలో ఏడాది దాటిన పిల్లల ఫుడ్ ఎలర్జీకి అప్రూవ్ అయింది. అవుట్‌మ్యాచ్ అనే ట్రయల్‌లో మందు తీసుకున్నవాళ్ళలో 67 శాతం మంది 600 మిల్లీగ్రాముల పల్లీ ప్రొటీన్ తట్టుకున్నారు, మందు లేని ఉత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళలో 7 శాతం. ఇది పల్లీ తినడానికి లైసెన్స్ కాదు, పొరపాటున పడితే ప్రాణం మీదకి రాకుండా కాపాడేది, పల్లీకి దూరంగా ఉండటం మాత్రం మానకూడదు. నాలుగైదు ఎలర్జీలు ఉన్న పిల్లలకి ఇది బాగా ఉపయోగం, ఒకే సూది అన్నిటికీ పనిచేస్తుంది. ఇంకా ట్రయల్స్ దారిలో వచ్చినవి ఉన్నాయి, చర్మం మీద అంటించే వయాస్కిన్ ప్యాచ్ లాంటివి, దాని ఎపిటోప్ ట్రయల్ రిజల్ట్ 2023లో వచ్చింది, ఒకటి నుంచి మూడేళ్ళ పిల్లల్లో 67 శాతం మందికి పనిచేసింది, ఉత్తి ప్యాచ్‌తో 33.5 శాతం.

ఇక ఇన్సూరెన్స్. మీ ప్లాన్ ఏ రకమో ముందు కనుక్కోండి, కార్డు మీద కంపెనీ పేరు చూసి ఏమీ తెలియదు. పెద్ద ఐటీ కంపెనీల ప్లాన్‌లు చాలావరకు సెల్ఫ్ ఫండెడ్, అంటే కార్డు మీద ఎవరి పేరున్నా అసలు డబ్బు కట్టేది మీ ఎంప్లాయరే, ఇన్సూరెన్స్ కంపెనీ గుమాస్తా పని చేస్తుంది. అలాంటప్పుడు ఇన్సూరెన్స్ కాదన్నా హెచ్‌ఆర్ బెనిఫిట్స్ టీమ్‌కి రాసి ఎక్సెప్షన్ అడిగే వీలుంది, ఈ సంగతి చాలామందికి తెలియదు. హెచ్‌ఆర్‌ని సమ్మరీ ప్లాన్ డిస్క్రిప్షన్ పంపమనండి, అందులో ఎక్స్‌పెరిమెంటల్ అంటే ఏంటో వాళ్ళు రాసుకున్న నిర్వచనం ఉంటుంది, దాన్ని రెండుసార్లు చదవండి, రేపు అప్పీల్ రాసేటప్పుడు ఆ మాటల్లోనే జవాబు చెప్పాలి. తర్వాత మీ ఇన్సూరెన్స్ వెబ్‌సైట్‌లో మెడికల్ పాలసీ అనే చోట ఫుడ్ ఎలర్జీ, ఓరల్ ఇమ్యునోథెరపీ అని వెతికితే కవర్ చేస్తారో లేదో రాసి ఉంటుంది. ఫోన్ చేస్తే మాత్రం ప్రతిసారీ తేదీ, మాట్లాడిన మనిషి పేరు, కాల్ రిఫరెన్స్ నంబర్ రాసుకోండి, నేను ఒక పాత లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకున్నాను, అప్పీల్ రోజున అదే నన్ను కాపాడింది.

క్లినిక్‌కి వెళ్ళే ముందు అడగాల్సినవి ఈమెయిల్‌లో అడగండి, నోటి మాట వద్దు. నాకు ఈ దెబ్బ తగిలింది కాబట్టి చెప్తున్నా, మేము మొదట వెళ్ళిన క్లినిక్‌లో అంతా ఇన్-నెట్‌వర్కే అన్నారు, మూడో నెలలో ప్రోగ్రామ్ ఫీజు అని 1,400 డాలర్ల బిల్లు వచ్చింది, అది ఇన్సూరెన్స్‌కి పంపేది కాదట, సంతకం పెట్టిన కాగితాల్లో పదకొండో పేజీలో ఉంది. అప్పటికే వాడు 25 మిల్లీగ్రాముల దాకా ఎక్కాడు, ఆపితే మళ్ళీ మొదటికి, కట్టేశాం. అందుకని, మొదటి రోజు డోసులకి ఏ కోడ్ వేస్తారు, రెండు వారాలకోసారి డోసు పెంచే విజిట్‌కి ఏ కోడ్, ఇన్సూరెన్స్ వెనక్కి తిప్పితే నా మీద ఎంత పడుతుంది, ఇన్సూరెన్స్‌తో సంబంధం లేని ఫీజులు ఏమైనా ఉన్నాయా, మెయింటెనెన్స్‌కి, అంటే డోసు ఇక పెంచకుండా రోజూ అంతే తీసుకునే దశకి, చేరాక ఏడాదికి ఎన్ని విజిట్లు, ఒక్కో విజిట్ ఎంత, అన్నీ రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఓఐటీకి వాళ్ళు ఎక్కువగా వేసేది 95076, గంటల లెక్కన వేసే 95079, లేదా డీసెన్సిటైజేషన్ కోడ్ 95180, కొందరు మామూలు ఆఫీస్ విజిట్‌గా వేస్తారు. ఆ కోడ్లు, పల్లీ ఎలర్జీ డయాగ్నసిస్ కోడ్ జెడ్91.010 పట్టుకుని ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేసి, నా ప్లాన్‌లో నా వాటా ఎంత అని అడగండి, ఉత్తినే ఓఐటీ కవర్ అవుతుందా అని అడిగితే లేదు అనే ఒక్క మాటతో ఫోన్ పెట్టేస్తారు.

ఇంకో చిన్న లెక్క, చాలా పనికొస్తుంది. డోసు పెంచే దశలో ఆరేడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, రెండు వారాలకోసారి వెళ్ళాలి, ఖర్చంతా అక్కడే. మీ ప్లాన్ జనవరిలో మొదలైతే మీరూ జనవరిలోనే మొదలుపెట్టండి, డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్స్ కట్టడం మొదలెట్టేముందు మీరు కట్టాల్సింది, ఒక్కసారే నిండుతుంది, అవుట్ ఆఫ్ పాకెట్ మాక్సిమమ్, అంటే ఏడాదికి మీ వాటా పరిమితి, తగిలితే మిగతా ఏడాది కవరయ్యే విజిట్లు ఉచితం. అక్టోబర్‌లో మొదలుపెడితే రెండు డిడక్టిబుల్స్ కట్టాలి. నవంబర్ ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్‌లో హెచ్‌ఎస్‌ఏ, ఎఫ్‌ఎస్‌ఏలో ఈ డబ్బు ముందే పెట్టేసుకోండి, పన్ను కట్టని డబ్బుతో ఖర్చు అవుతుంది. ఏడాది మొత్తం మెడికల్ ఖర్చు మీ ఆదాయంలో 7.5 శాతం దాటితే, ఐటమైజ్ చేసేవాళ్ళు ఆ పైది టాక్స్‌లో చూపించుకోవచ్చు, క్లినిక్‌కి కారులో వెళ్ళిన మైళ్ళు కూడా లెక్కలోకి వస్తాయి.

ఖర్చు అస్సలు భరించలేం అనుకుంటే క్లినికల్ ట్రయల్ చూడండి. క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్‌లో ఫుడ్ ఎలర్జీ అని కొట్టి, రిక్రూటింగ్ అని, చైల్డ్ అని, మీ స్టేట్ అని పెట్టి వెతకండి. స్టాన్‌ఫర్డ్, న్యూయార్క్ మౌంట్ సైనాయ్, బాల్టిమోర్ జాన్స్ హాప్‌కిన్స్, చాపెల్ హిల్ యూఎన్‌సీ, ఆర్కాన్సా చిల్డ్రన్స్ లాంటి చోట్ల ఏళ్ళ తరబడి ఈ పరిశోధన జరుగుతోంది, వాళ్ళ వెయిటింగ్ లిస్టుల్లో పేరు ఇచ్చి పెట్టండి. ఫేర్ అనే సంస్థ కూడా ట్రయల్స్ వివరాలు ఇస్తుంది. మామూలుగా ట్రయల్ మందు, దానికోసం చేసే చాలెంజ్‌లు, రక్తపరీక్షలు ఉచితం, చాలా చోట్ల ప్రయాణ ఖర్చులు కూడా ఇస్తారు. ఫోన్‌లో కోఆర్డినేటర్‌ని అడగాల్సినవి: ప్లసిబో, అంటే మందు లేని ఉత్తి డోసు, వస్తే ఎన్ని నెలలు, ఆ తర్వాత మా పిల్లాడికి అసలు మందు ఇస్తారా, ట్రయల్ అయిపోయాక మందు ఎవరిస్తారు. ఈ చివరి ప్రశ్న మర్చిపోవద్దు, నేను చెప్పిన మూడో ఏడాది ఇదే. ఉబ్బసం అదుపులో లేకపోతే తీసుకోరు, ఎంట్రీ చాలెంజ్‌లో పిల్లాడికి రియాక్షన్ రావాల్సిందే, అది చూడటం తల్లిదండ్రులకి కష్టం, ముందే గుండె దిటవు చేసుకోండి. విజిట్ తేదీలు చాలా కచ్చితం, వేసవిలో రెండు నెలలు విజయవాడలో అమ్మమ్మ దగ్గర ఉంచుదాం అంటే కుదరదు, ఉద్యోగం మారి వేరే స్టేట్‌కి వెళ్తే ట్రయల్ కూడా పోయినట్టే.

ఒక జాగ్రత్త. ఆ వెబ్‌సైట్‌లో పేరు ఉందంటే ప్రభుత్వం మెచ్చినట్టు కాదు, నమోదు చేసినట్టు మాత్రమే. స్టడీ అని చెప్పి మీ దగ్గర వేల డాలర్లు ముందే కట్టించుకుంటుంటే కంట్రోల్ గ్రూప్ ఉందా, ఫలితాలు మెడికల్ జర్నల్‌లో వచ్చాయా, డబ్బు వెనక్కి ఇస్తారా అని అడగండి, ఫ్రీ ఆఫ్ ఎలర్జీ చేస్తాం అని గ్యారంటీ ఇచ్చేవాళ్ళ దగ్గర నిలబడకండి.

జోలేర్ వైపు వెళ్ళేవాళ్ళకి దారి వేరే. 2024లో లిస్ట్ ధర పిల్లలకి నెలకి సుమారు 2,900 డాలర్లు అని చెప్పారు, పూర్తిగా జేబులోంచి కట్టేది కాదు, ప్రయర్ ఆథరైజేషన్, అంటే ఇన్సూరెన్స్ ముందస్తు అనుమతి, రావాలి. డోసు పిల్లాడి బరువు, టోటల్ ఐజీఈ చూసి వేస్తారు, ఐజీఈ 30 నుంచి 1850 మధ్యలో ఉండాలి, కాబట్టి ఆ టెస్ట్ రిపోర్ట్, రియాక్షన్ అయిన తేదీ, ఈఆర్ పేపర్లు ముందే డాక్టర్ ఆఫీస్‌కి ఇచ్చేయండి, చాలా డినైయల్స్ కాగితం లేక వచ్చేవే. జోలేర్ అమ్మే కంపెనీ జెనెన్‌టెక్‌కి కోపే ప్రోగ్రామ్ ఉంది, అంటే మీ వాటాలో కొంత వాళ్ళే కడతారు, ఉద్యోగం ద్వారా వచ్చిన ఇన్సూరెన్స్ లాంటి కమర్షియల్ ప్లాన్‌ల వాళ్ళకే, మెడికెయిడ్ వాళ్ళకి పనిచేయదు. ఇన్సూరెన్స్ లేనివాళ్ళకి, కవర్ కానివాళ్ళకి, ఆదాయం బట్టి ఉచితంగా ఇచ్చే జెనెన్‌టెక్ పేషెంట్ ఫౌండేషన్ వేరే ఉంది. కోపే కార్డు వాడేముందు మీ ప్లాన్‌లో అక్యుములేటర్ ఉందా అని అడగండి, ఉంటే కంపెనీ కట్టిన డబ్బు మీ డిడక్టిబుల్‌లో కలపరు, కార్డులో డబ్బు అయిపోయిన నెలలో మొత్తం మీ నెత్తిన పడుతుంది. ఒమ్లిక్లో అని దీని బయోసిమిలర్, అంటే జోలేర్‌లాంటిదే వేరే కంపెనీ మందు, కూడా 2025 మార్చిలో అప్రూవ్ అయింది, మీ ప్లాన్‌లో ఉందేమో చూడండి.

డినైయల్ లెటర్ వచ్చిందా, దాన్ని పారేసి ఏడుస్తూ కూర్చోకండి, నేను రెండు రోజులు అదే చేశాను. లెటర్ అందిన రోజు నుంచి ఇంటర్నల్ అప్పీల్‌కి, అంటే ఇన్సూరెన్స్‌వాళ్ళనే మళ్ళీ చూడమని అడగడానికి, 180 రోజులు టైమ్ ఉంటుంది. ముందు డాక్టర్‌ని పీర్ టు పీర్ కాల్ అడగమనండి, అంటే ఇన్సూరెన్స్ డాక్టర్‌తో మీ డాక్టర్ నేరుగా మాట్లాడటం, కొన్ని అక్కడే తెగిపోతాయి. అప్పీల్ లెటర్‌లో బాధ రాయండి, కానీ ముందు వరుసలో తేదీలు పెట్టండి: ఫలానా రోజు రియాక్షన్, ఎపినెఫ్రిన్ (తీవ్రమైన రియాక్షన్‌కి వెంటనే వేసే మందు) ఇన్ని డోసులు, ఈఆర్‌కి ఇన్నిసార్లు, ఇదంతా ఇన్సూరెన్స్‌కి ఇంత ఖర్చయింది, డాక్టర్ లెటర్, పబ్లిష్ అయిన ట్రయల్ పేపర్లు జత. ఇంకా చికిత్స మొదలుపెట్టకపోతే 30 రోజుల్లో తేల్చాలి. అక్కడా కాదంటే నాలుగు నెలల్లోపు ఎక్స్‌టర్నల్ రివ్యూ అడగొచ్చు, ఇన్సూరెన్స్‌తో సంబంధం లేని మనుషులు చూస్తారు, వాళ్ళు ఒప్పుకుంటే ఇన్సూరెన్స్ కట్టాల్సిందే. ఎక్స్‌పెరిమెంటల్ అనే కారణంతో తిప్పినవి ఈ రివ్యూకి అర్హమైనవే. మావి 95180 వేసిన ఆరు విజిట్లు ఇలాగే మొదట తిప్పారు, రెండో అప్పీల్‌లో నాలుగు వచ్చాయి.

డబ్బు ఎంత ఇబ్బందిగా ఉన్నా ఒక్క పని మాత్రం చేయొద్దు, ఇంట్లో సొంతంగా పల్లీ పొడి కొలిచి మొదలుపెట్టడం. మొదటి రోజు డోసు అర మిల్లీగ్రాము దగ్గర మొదలవుతుంది, మన వంటింటి తక్కెడకి అది కనపడదు కూడా. మా వాడి మొదటి రోజు నర్సు సిరంజిలో నీళ్ళలాంటి ద్రవం తెచ్చి యాపిల్ సాస్‌లో కలిపింది, వాడు నవ్వుతూ తిన్నాడు, నాలుగో డోసుకి మెడ మీద రెండు దద్దుర్లు, ఆమె టైమ్ రాసి, ఊపిరి విని, బీపీ చూసి, గంట ఆపింది. అదే మా ఇంట్లో అయితే నాకు ఏం చేయాలో తెలిసేది కాదు. అలాగే ఓఐటీ డోసు ఖాళీ కడుపుతో వేయొద్దు, జ్వరం వచ్చిన రోజు డాక్టర్‌కి ఫోన్ చేసి అడగండి, కడుపునొప్పి, వాంతులు పదేపదే వస్తుంటే దాచకుండా చెప్పండి, కొందరు పిల్లలకి ఆహారనాళం వాచే సమస్య వస్తుంది, అప్పుడు ఆపాల్సి రావచ్చు.

ఇండియా వెళ్ళి చౌకగా చేయిద్దామా అని అడిగేవాళ్ళున్నారు. అక్కడ ఓఐటీ చేసే చోట్లు చాలా తక్కువ, పైగా రెండు వారాలకోసారి నెలల తరబడి వెళ్ళాలి కాబట్టి సెలవుల్లో అయ్యే పని కాదు. అక్కడికి వెళ్ళేటప్పుడు ఎపినెఫ్రిన్ ఆటోఇంజెక్టర్లు ఇక్కడి నుంచే సరిపడా పట్టుకెళ్ళండి, అక్కడ మందుల షాపులో ఆంపౌల్ దొరుకుతుంది కానీ పెన్ దొరకడం కష్టం. గానుగ పల్లీనూనె విషయం కూడా అత్తగారికి ముందే చెప్పండి, రిఫైన్డ్ నూనెలా కాదు, అందులో ప్రొటీన్ మిగిలి ఉంటుంది.

వేరే దేశాల్లో ఉన్న మనవాళ్ళకి: ఆస్ట్రేలియాలో 2024లో ఏడాది లోపు పసిపిల్లలకి పల్లీ ఓఐటీ ప్రోగ్రామ్ కొన్ని పిల్లల ఆసుపత్రుల్లో ఉచితంగా మొదలైంది, బిడ్డకి పన్నెండు నెలలు నిండకముందే అడగాలి. యూకేలో పల్ఫోర్జియాని ఎన్‌హెచ్‌ఎస్‌లో వాడొచ్చని 2022లో నైస్ అనే సంస్థ సిఫార్సు చేసింది, షాపులో దొరికే పాలు, పల్లీలతో నటాషా ట్రయల్ అని వేరే నడిచింది, జీపీ ద్వారా రిఫరల్ అడగండి. కెనడాలో చిన్నపిల్లలకి మామూలు తిండితోనే ఓఐటీ చేసే ఎలర్జిస్టులు ఉన్నారు, విజిట్లు ప్రావిన్స్ హెల్త్ కార్డు మీదే ఎంతవరకు అవుతాయో క్లినిక్‌లో అడగండి.

మా మూడో ఏడాది లెక్క చెప్తాను. ఏడాదికి రెండు విజిట్లు, ఒక ఐజీఈ టెస్ట్, ఇంటికొకటి స్కూలుకొకటి ఎపినెఫ్రిన్ ప్యాక్, అది గడువు అయ్యాక మార్చడం, ఇంకా పల్లీల ప్యాకెట్లు. గింజలు అన్నీ ఒకే సైజు ఉండవు, కాబట్టి మేము ఆదివారం పూట కూర్చుని చిన్న తూకం మీద బరువు చూసి వారానికి సరిపడా ఏడు గింజలు ఏడు గడుల మాత్రల డబ్బాలో పెడతాం. గింజల్ని ఎంచే పని మా వాడిదే, పెద్దది కనపడితే ఇది నాన్నకి అని పక్కన పెడతాడు.